ప్రొపెల్లరు కొనబోయే ముందు

— ఫైనలియర్ బి.ఎస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి

మన సంచికలో ఏటా అణుశక్తి గురించో, అంతరిక్ష యానం గురించో ఒక సైన్సు వ్యాసం ఉంటుంది. నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. అంత పెద్ద విషయాల జోలికి పోయే శక్తి నాకు లేదు. మనిషి వీపుకు కట్టుకుని ఎగిరే ఒక చిన్న యంత్రం గురించి, అందులోనూ దాని వెనక తిరిగే నాలుగడుగుల రెక్క గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇది నేను సరదాకి నేర్చుకున్నది కాదు, అవసరం వచ్చి నేర్చుకున్నది.

మా మేనత్త కొడుకు, అంటే మా బావ, మెకానిక్కు. ఆయిలింజన్లు, పవర్ స్ప్రేయర్లు బాగుచేస్తాడు. రెండేళ్ళ నుంచి సముద్రపు ఒడ్డున ఒకాయన దగ్గర పనిచేస్తున్నాడు. ఆయనకి ఇద్దరు కూర్చుని ఎగిరే పారామోటార్ ఉంది. తిరునాళ్ళకి, సెలవులకి జనాన్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దించుతాడు. కిందటి సంక్రాంతి సెలవుల్లో బావ ఫోను చేశాడు.

“ఏరా, ఫ్యాను రెక్క కొస విరిగింది. ఇసకలో ఏదో తగిలింది. జిగురు పెట్టి అతికించి పండగ మూడు రోజులూ లాగిద్దామంటాడు మా యజమాని. లేకపోతే ఎక్కడో సెకండ్ హ్యాండు రెక్క ఉందట, అది తెస్తానంటాడు. నువ్వు చదివేది ఫిజిక్సేగా, ఏది మంచిదో చెప్పు.”

మూడేళ్ళు ఫిజిక్సు చదివినవాణ్ణి ఆ ప్రశ్నకి తెల్లమొహం వేశాను. ఆ రాత్రి పుస్తకం తీసి కూర్చుంటే తెలిసింది, మన సిలబస్సులో ఉన్న న్యూటన్ సూత్రాలూ, వర్తులాకార చలనమూ తప్ప ఇందులో కొత్తదేమీ లేదని.

పారామోటార్ అంటే ఏమిటి?

పారాచూట్ లాంటి గుడ్డ రెక్కను పారాగ్లైడర్ అంటారు. కొండ మీద నుంచి దూకితే అది మెల్లగా జారుతూ దిగుతుంది. మనది చదును నేల, కొండలు లేవు. అందుకని వీపున ఒక చిన్న పెట్రోలింజను, దాని వెనక ఒక ప్రొపెల్లరు కట్టుకుంటే చదును నేల మీద నుంచే లేవవచ్చు. 1980 దశకంలో ఇంగ్లండ్, ఫ్రాన్సు దేశాలలో ఈ వాహనం రూపుదిద్దుకుంది. మన పొలాల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ చూడనివారుండరు. అదీ వీపునే, ఇదీ వీపునే. అదీ టూ స్ట్రోకే, ఇదీ చాలావరకు టూ స్ట్రోకే. రెండింటికీ పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాల్సిందే. తేడా ఎక్కడంటే, స్ప్రేయర్ ఒకటి రెండు గుర్రాల బలం ఇస్తుంది, పారామోటార్ ఇరవై పాతిక గుర్రాల బలం ఇస్తుంది.

ప్రొపెల్లరు ఫ్యాను కాదు

ప్రొపెల్లరును అందరూ ఫ్యాను అంటాం. నిజానికి అది గుండ్రంగా తిరిగే విమానపు రెక్క. ఈ సంగతి మొదట సరిగ్గా పట్టుకున్నవారు రైట్ సోదరులు. ఓడల ప్రొపెల్లర్ల లెక్క చూసి తమది చేసుకోవచ్చనుకున్నారు. తీరా చూస్తే ఓడలవాళ్ళ దగ్గర పనికొచ్చే సిద్ధాంతమేదీ దొరకలేదు. అప్పుడు తామే కూర్చుని, రెక్కను ముక్కలు ముక్కలుగా ఊహించుకుని లెక్కగట్టారు. 1903 డిసెంబరు 17న ఎగిరిన వారి విమానానికి ఎనిమిదిన్నర అడుగుల చెక్క ప్రొపెల్లర్లు రెండున్నాయి. ఇంజను బలం 12 గుర్రాలే. ఆ కొద్ది బలంతో మనిషిని గాలిలోకి లేపగలిగారంటే ఆ ప్రొపెల్లర్ల పొడవూ, నెమ్మదీ ముఖ్య కారణాలు. ఆ పొడవు రహస్యమేమిటో చూద్దాం.

పొడవు మాట

ప్రొపెల్లరు చేసే పని గాలిని వెనక్కి నెట్టడం. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం గాలి మనల్ని ముందుకు తోస్తుంది. ఈ తోపునే థ్రస్ట్ అంటారు. తోపు ఎంతంటే, క్షణానికి నెట్టిన గాలి బరువును, దానికిచ్చిన వేగంతో గుణించినంత. కాని దానికి ఖర్చయ్యే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి కొంచెం గాలిని గట్టిగా నెట్టేకంటే ఎక్కువ గాలిని మెల్లగా నెట్టడం లాభం. కళ్ళంలో గాలి లేనప్పుడు తూర్పారబట్టడానికి పెద్ద చేటతో నిదానంగా విసురుతారు. చిన్న విసనకర్రతో గబగబా విసిరితే చెయ్యి పడిపోతుందిగాని పొట్టు ఎగరదు. ఇదీ అంతే.

లెక్క కావాలంటే ఇదిగో. ప్రొపెల్లరుకు 15 కిలోవాట్లు, అంటే సుమారు 20 గుర్రాల బలం అందిందనుకుందాం. 125 సెంటీమీటర్ల వ్యాసంతో ఏ నష్టమూ లేని ఆదర్శ ప్రొపెల్లరు నిలకడగా ఉన్నచోట సుమారు 89 కిలోల తోపు ఇస్తుంది. అదే 140 సెంటీమీటర్లయితే 96 కిలోలు. నిజమైన ప్రొపెల్లర్లు ఇందులో కొంత పోగొట్టుకుంటాయి. కాని నిష్పత్తి అదే. తుడిచే వైశాల్యం నాలుగోవంతు పెరిగితే తోపు వందకు ఎనిమిది వంతులు పెరిగిందన్నమాట. ఇంజను మార్చకుండా, పెట్రోలు పెంచకుండా వచ్చిన ఏడు కిలోలు ఇవి.

ఎంత తోపు కావాలి? పారామోటార్ గుడ్డ సుమారుగా 6 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు దిగుతుంది. కాబట్టి బరువులో ఆరో వంతు తోపు ఉంటే సమంగా పోతుంది. ఒక్క మనిషికి మోటారుతో, గుడ్డతో, పెట్రోలుతో కలిపి 120 కిలోలనుకుంటే 20 కిలోల తోపు చాలు. పైకి ఎక్కాలంటే ఇంకో 15 కిలోలు. ఇద్దరు ఎక్కితే 200 కిలోలు. అప్పుడు సమంగా పోవడానికి 33, ఎక్కడానికి ఇంకో 25, వెరసి 58 కిలోలు. పైగా నేలమీద కొలిచిన తోపు, వాహనం కదిలాక తగ్గుతుంది. ఎండాకాలం గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలుంటే, 35 డిగ్రీల దగ్గర 1.145 కిలోలే. అందుకే ఒక్క మనిషికి సరిపోయిన ప్రొపెల్లరు ఇద్దరికి, అందులోనూ మిట్టమధ్యాహ్నం, చాలకపోవచ్చు.

మరి ఇంకా పొడుగుది పెట్టుకోవచ్చుగా అంటారా? రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, చుట్టూ ఉండే పంజరం. రెక్క కొసకీ పంజరానికీ మధ్య చేతి మూడు వేళ్ళు అడ్డంగా దూరేంత ఖాళీ లేకపోతే, లేచేటప్పుడు పంజరం వంగి కొసను తాకుతుంది. రెండోది కొసల వేగం.

గేరు మాట

ఈ ఇంజన్లు నిమిషానికి 8000 చుట్లు తిరిగితేగాని పూర్తి బలం ఇవ్వవు. 125 సెంటీమీటర్ల రెక్కను నేరుగా ఇంజనుకు బిగిస్తే కొస వేగం క్షణానికి 520 మీటర్లు దాటుతుంది. ధ్వని వేగం క్షణానికి సుమారు 345 మీటర్లు. కొసలు ధ్వనిని మించితే శక్తంతా మోతకీ, ఒరిపిడికీ పోతుంది. రెక్క కూడా అంత వేగాన్ని తట్టుకోలేదు. అందుకని మధ్యలో బెల్టుగాని, గేరుగాని పెట్టి వేగం తగ్గిస్తారు. దీన్ని రిడక్షన్ అంటారు. 2.87 రిడక్షన్ అంటే ఇంజను 2.87 చుట్లు తిరిగితే ప్రొపెల్లరు ఒక చుట్టు తిరుగుతుంది. అప్పుడు ప్రొపెల్లరుకు నిమిషానికి 2790 చుట్లు. కొస వేగం క్షణానికి 182 మీటర్లు, అంటే గంటకు 655 కిలోమీటర్లు.

ఇక్కడ కొనేవాడు జాగ్రత్తగా ఉండాలి. ఒకే పేరుగల ఇంజను వేర్వేరు రిడక్షన్లతో దొరుకుతుంది. “ఫలానా ఇంజనుకు ప్రొపెల్లరివ్వండి” అంటే చాలదు, రిడక్షన్ కూడా చెప్పాలి. తిరిగే దిక్కు కూడా చెప్పాలి. బెల్టు ఉంటే ప్రొపెల్లరు ఇంజను తిరిగినవైపే తిరుగుతుంది. ఒక జత పళ్ళచక్రాలుంటే ఎదురు తిరుగుతుంది. తప్పు దిక్కుది కొంటే తిరగేసి బిగించినా పనికిరాదు. మరచీల దారం ఎటునుంచి చూసినా ఒకవైపే మెలిక తిరిగినట్లు, దీని మెలిక కూడా మారదు.

పిచ్ మాట

రెక్కకు ఉండే ఏటవాలుతనాన్ని పిచ్ అంటారు. మెత్తటి చెక్కలో మరచీల దిగినట్లు, ప్రొపెల్లరు ఒక చుట్టుకు గాలిలో ఎంత దూరం దూసుకుపోవాలో చెప్పే కొలత అది.

దీన్ని బావకి చెప్పడానికి నాకు నాగలి గుర్తొచ్చింది. కర్రు మరీ లోతుగా దిగితే ఎడ్లు అడుగు వెయ్యలేవు, రొప్పుతూ నిలబడిపోతాయి. మరీ పైపైన ఉంటే పరుగెత్తుతాయిగాని చాలు పడదు. ప్రొపెల్లరు పిచ్ ఎక్కువైతే ఇంజను తన పూర్తి చుట్లకు చేరుకోలేదు, బలమివ్వదు, వేడెక్కుతుంది. తక్కువైతే హద్దు దాటి తిరుగుతుంది, మోత మోగిస్తుంది, తోపు మాత్రం రాదు. రెండూ ఇంజనుకు చేటే.

పరీక్ష తేలిక. వాహనాన్ని గట్టిగా కట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, చుట్లు కొలవాలి. తయారీదారు చెప్పిన అంకె దగ్గరగా వస్తే పిచ్ సరిపోయినట్లు. చాలా తక్కువ వస్తే కర్రు లోతన్నమాట. హబ్ దగ్గర రెక్క కోణం మార్చుకునే ప్రొపెల్లర్లూ ఉన్నాయి. వాటిలో రెండు రెక్కలకీ కోణం సరిసమానంగా పెట్టకపోతే అదే కొత్త తలనొప్పి.

చెక్కా, కార్బనా? రెండా, మూడా?

చెక్క ప్రొపెల్లరు పలచటి పలకలు అతికించి చెక్కుతారు. చవక. చిన్న దెబ్బలైతే తెలిసినవాడు బాగుచేయగలడు. కాని బరువు, పైగా తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. సముద్రపు ఒడ్డున వాడేవాళ్ళు బోల్టుల బిగువు తరచు చూసుకోవాలి. వదులైతే హబ్ కింద చెక్క ఒరిపిడికి మాడుతుంది.

కార్బన్ ఫైబర్ ప్రొపెల్లరు తేలిక. థ్రాటిల్ నొక్కగానే అందుకుంటుంది. రెండు ముక్కలుగా విడదీసి బస్సులో తీసుకుపోవచ్చు. విదేశాల నుంచి తెప్పించుకుంటే వందల యూరోలవుతుంది. దెబ్బ తగిలితే లోపల పొరలు విడిపోయినా పైకి కనబడకపోవచ్చు. అదీ దానితో ప్రమాదం.

రెక్కలు రెండుంటే మోయడానికి, మార్చడానికి సుళువు. మూడుంటే అదురు తగ్గి, నడక మృదువుగా ఉంటుంది. పంజరం చిన్నదై పొడుగు రెక్క పట్టనప్పుడు మూడు రెక్కలది ఉపయోగం. అంతేగాని మూడో రెక్క పెట్టగానే తోపు ఒకటిన్నర రెట్లవుతుందనుకోవడం పొరపాటు. ఇంజను బలం మారలేదుగదా!

అతికించిన రెక్క సంగతి

ఇప్పుడు బావ ప్రశ్నకు వద్దాం. రెక్క ఒకవైపు బరువు 300 గ్రాములనీ, దాని గరిమనాభి నడుమ నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనీ అనుకుందాం. నిమిషానికి 2790 చుట్లు తిరిగేటప్పుడు అపకేంద్ర బలం సుమారు 650 కిలోలు! దాదాపు తొమ్మిది బస్తాల ధాన్యం ఆ రెక్కకు వేలాడదీసినంత. ఈ లెక్క నేను మూడుసార్లు చేసి చూసుకున్నాను.

కొస దగ్గర ఒక్క గ్రాము మట్టి అంటుకున్నా, అది 5 కిలోల బలంతో ఇంజనును పక్కకు లాగుతుంది. అదీ సెకనుకు 46 సార్లు, ఒక్కోసారి ఒక్కో వైపుకు. బావ చెప్పిన విరుగు తూచితే 3 గ్రాములకు పైనే ఉంటుంది. అంటే 15 కిలోలు. అదురుకి బోల్టులు వదులవుతాయి, సైలెన్సరు పగులుతుంది. ఇక జిగురు పెట్టిన ముక్క ఊడితే బందూకు గుండులా పోతుంది. ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు? చుట్టూ తిరునాళ్ళ జనం, పిల్లలు.

సెకండ్ హ్యాండుది కొనేటట్లయితే ఏం చూడాలో కూడా రాసి పంపాను. అవి అందరికీ పనికొస్తాయి.

ఒకటి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. అలాగే కార్బన్ రెక్కను రూపాయి బిళ్ళతో అంగుళం అంగుళం తట్టాలి. ఎక్కడైనా బోలుగా, మందంగా పలికితే లోపల పొరలు విడిపోయినట్లు.

రెండు. బోల్టు రంధ్రాలు గుండ్రంగా ఉండాలి. కోలగా సాగినా, చుట్టూ మాడినా వదిలెయ్యాలి. రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం, నడిమి రంధ్రం కొలత మన హబ్‌కు సరిపోవాలి. సరిపోలేదని కొత్త రంధ్రాలు వెయ్యనే కూడదు.

మూడు. నడుమ నున్నటి కడ్డీ దూర్చి సమంగా ఆనించి, రెక్కను అడ్డంగానూ, నిలువుగానూ నిలబెట్టి చూడాలి. ఎలా పెడితే అలా నిలిచిందా, మంచిది. ఒకవైపు జారిందా, తూకం తప్పింది. రెక్క అంచుకు టేపు అంటించినా రెండువైపులా ఒకే పొడవు అంటించాలి.

నాలుగు. బిగించాక స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి, పంజరానికి ఒక పుల్ల కట్టి, రెక్కను చేత్తో తిప్పాలి. రెండు కొసలూ పుల్లకు ఒకే దూరంలో పోవాలి. రెండు మూడు మిల్లీమీటర్లు మించి తేడా ఉంటే బిగించడంలో తప్పుంది, లేదా రెక్కే వంకర.

ఐదు. రెండు ముక్కల ప్రొపెల్లరులో ఒక ముక్క పోతే, ఏదో ఒక ముక్క తెచ్చి జతచేయకూడదు. ఎడ్లను జతకట్టేటప్పుడే ఈడూ జోడూ చూస్తాం.

చేతివేళ్ళ మాట

మా నాన్న కుడిచేతి చూపుడువేలు పై కణుపు లేదు. నాకు నాలుగేళ్ళప్పుడు ఆయిలింజను బెల్టు తీసుకుపోయింది. “ఒక్క క్షణమేరా, ఆగిందనుకున్నా” అంటాడు ఇప్పటికీ. తిరిగే వస్తువు కంటికి కనబడదు. అందులోనే ఉంది మోసమంతా.

పారామోటార్‌తో తగిలే తీవ్రమైన గాయాలలో ముఖ్యమైనవి గాలిలో తగిలేవి కావు. నేల మీద, ఇంజను స్టార్టు చేసేటప్పుడు, చేతులకూ భుజాలకూ ప్రొపెల్లరు తగిలి అయ్యేవి. థ్రాటిల్ తీగ ఇరుక్కుంటే స్టార్టయిన మరుక్షణమే అరవై డెబ్భై కిలోల తోపు మీద పడుతుంది. మనిషి చేత్తో పట్టి ఆపగలిగింది కాదది. కాబట్టి దాన్ని వీపుకు తగిలించుకునిగాని, గట్టిగా కట్టేసిగాని స్టార్టు చేయాలి. ప్రొపెల్లరు తిరిగే తలంలో, అంటే దాని పక్కలకు, ఎవరూ నిలబడకూడదు. ఏ ముక్క ఊడినా అటే పోతుంది. వెనక కూడా ఉండకూడదు. పంజరానికి వల కళ్ళు చిన్నవిగా ఉండాలి. దాన్ని అందంకోసం కట్టలేదు, చేతికోసం కట్టారు.

ఆ పారామోటారుకు రోజూ తాడు లాగి స్టార్టు చేసేది మా బావే. నేను లెక్కలన్నీ రాసి ఫోనులో పంపి, అడుగున ఒక్క వాక్యం రాశాను: “బావా, మా నాన్న వేలు గుర్తుచేసుకో.”

చివరికేమయింది

కొత్త రెక్క వచ్చేదాకా తాడు ముట్టుకోనని బావ యజమానితో చెప్పాడు. పండగ రోజులు. ఆయనకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. “చదువుకున్న బావమరిది దొరికాడు నీకు” అన్నాట్ట. ఆ మూడు రోజుల కూలీ బావకి పోయింది. ఇంట్లో అక్క నామీదే విసుక్కుంది. పండగ బేరం ఆయనకీ పోయింది. చేసినదానిలో తప్పులేదని తెలిసినా, ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు.

పండగ వెళ్ళిన నెలకు ఆయన కొత్త చెక్క ప్రొపెల్లరు తెప్పించాడు. ఇంజను పేరు, రిడక్షన్, తిరిగే దిక్కు, బోల్టు రంధ్రాల కొలత, పంజరం లోపలి వ్యాసం, ఈ ఐదూ కాగితం మీద రాసి పంపింది బావే. బిగించేటప్పుడు పాత రెక్కను వంచి చూస్తే, విరిగిన చోటుకు జానెడు కింద, రంగు మాటున, ఇంకో సన్నటి బీట కనబడిందట. జిగురు పెట్టే చోటు అది కాదు. అది ఎవరూ చూడని చోటు.

ఇప్పుడు ఆ పాత రెక్క మా ఇంట్లో గోడకు వేలాడుతోంది. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు నాన్న దాన్ని దించి, ఆ బీట మీద వేలు పెట్టి రాసి చూశాడు. ఆ సగం వేలే. “ఇది నీ పుస్తకంలో ఉందట్రా?” అన్నాడు. ఉంది నాన్నా అన్నాను. “అయితే చదువు” అని మళ్ళీ గోడకు తగిలించి, పొలానికి వెళ్ళిపోయాడు.